మామయ్య చేత ఐపీ పెట్టించాను

ఆ రోజుల్లో జగ్గయ్యపేట, నందిగామల్లో ఏ కొట్టుకి వెళ్ళినా గల్లాపెట్టె పక్కన ఒక కొత్త కంప్యూటరు, దాని మీద ప్లాస్టిక్ కవరు, ఆ కవరు మీద ఒక నిమ్మకాయ కనపడేవి. జీఎస్టీ వచ్చిన కొత్తల్లో ఆడిటర్లు చెప్పారని కొన్నవి. కవరు తీస్తే దుమ్ము పడుతుందని కవరు మీద నుంచే కీబోర్డు నొక్కేవాళ్ళు. (నిమ్మకాయ తియ్యమన్నందుకు ఒక ఎరువుల కొట్టాయన నాతో చాలాకాలం మాట్లాడలేదు.) నెలకి ఒక్క జీబీ డేటాతో సర్దుకున్న జనానికి అప్పుడే రోజుకి ఇంత అని పంచిపెట్టడం మొదలైంది. అందరూ ఆ సంబరంలో ఉండగా, రాబోయే ఇంటర్నెట్ మార్పులు ముందే చెప్పి ఈ రెండూళ్ళ వ్యాపారాలనీ ఉద్ధరిద్దామని ఇరవై మూడేళ్ళ పిల్ల ఒకతి బయల్దేరింది. ఆ పిల్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఎందుకంటే ఆ పిల్ల నేనే.

మాది నందిగామ. అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లే. జీతం తప్ప ఇంకో దారిలో ఇంట్లోకి డబ్బు వస్తుందని మాకు తెలియదు. నేను ఆరో తరగతి నుంచీ హాస్టళ్ళలో చదివి, ఇంజినీరింగు చేసి, హైదరాబాదులో ఒక నెట్‌వర్కుల కంపెనీలో చేరాను. ఏడాది తిరక్కుండానే వాళ్ళు మా జట్టు మొత్తాన్ని ఒక గదిలో కూర్చోబెట్టి, సమోసాలు పెట్టి, ఇక రావద్దని చెప్పి పంపించేశారు. ఇంటికొచ్చి కొన్నాళ్ళు ఏడ్చి, ఏడుపు విసుగొచ్చాక విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాను. 'రేపటి ఇంటర్నెట్‌కి ఈరోజే సిద్ధం కండి' అని దాని మీద నీలం అక్షరాలు. అమ్మ ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "రేపటి సంగతి సరేనే, ఇవాళ కూరేం వండమంటావ్?" అంది. నాన్న మాత్రం ఒక కార్డు తీసుకుని తన బైబిల్లో పెట్టుకున్నాడు.

నాకు దొరికిన మొదటి మేక మా మామయ్య. అమ్మకి తమ్ముడు. జగ్గయ్యపేట మెయిన్ రోడ్డు మీద ఆయనకి మోటార్లు, పైపుల కొట్టు ఉండేది. అమ్మ వాళ్ళ వైపు పెద్దవాళ్ళంతా వత్సవాయి చుట్టుపక్కల చేలల్లో కూలికెళ్ళినవాళ్ళే. మామయ్య మీసాలు రాకముందే పేటలో ఎవరిదో పైపుల కొట్లో బరువులు మొయ్యడానికి చేరి, అక్కడే పని నేర్చుకుని, చివరికి సొంత బోర్డు కట్టాడు. మా చుట్టాలందరిలోకీ కొట్టు పెట్టిన మొదటి మనిషి ఆయనే. కంపెనీ వాళ్ళు నమ్మి సరుకు దింపుతారు, రైతులు నమ్మి మోటారుకి అడ్వాన్సు ఇచ్చిపోతారు. ఆ నమ్మకం మీదే కొట్టు నడుస్తుంది. అది పోతే మామయ్యకి పొలం లేదు, పుట్రా లేదు, వెనకేసుకొచ్చేవాళ్ళూ లేరు. ఇవేవీ అప్పట్లో నా బుర్రకి తట్టలేదు.

కొట్లో సీసీ కెమెరాలు పెట్టించి, ఇంట్లో మంచం మీద పడుకుని ఫోన్‌లో కొట్టు చూసుకోవడం మామయ్యకి మహా సరదా. అది ఉన్నట్టుండి ఆగిపోయింది. కారణం నాకు తెలుసు. ఇంటర్నెట్‌కి కలిపిన ప్రతి పెట్టెకీ ఒక నంబరుంటుంది, దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. పాత పద్ధతి నంబర్లు అయిపోవచ్చాయి కాబట్టి ఇంటర్నెట్ ఇచ్చే కేబుల్ వాళ్ళు ఒకే నంబరుని వీధి మొత్తానికి పంచేస్తున్నారు. అప్పుడు బయట నుంచి ఫలానావారి కొట్టు ఏదని వెతికితే దొరకదు. ఐపీ సిక్స్ అనే కొత్త పద్ధతిలోనైతే నంబర్లు కావలసినన్ని. కేబుల్ ఆఫీసు వాళ్ళ వెంటపడి, మామయ్య ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అడిగి తీసుకుని, ఆయన కొట్టుకి కొత్త ఐపీ పెట్టేశాను. కెమెరా మళ్ళీ కనపడింది. "మా అమ్మలు ఏదో పెట్టింది, సినిమాలాగా కనపడతందయ్యా" అని మామయ్య వచ్చేపోయే వాళ్ళందరికీ ఫోన్ చూపించాడు. ఆ ఊపులోనే వర్తక సంఘం వాళ్ళతో మాట్లాడి శనివారం మీటింగులో నాకు కాసేపు మైకు ఇప్పించాడు. తీరా ఆ రోజు వత్సవాయిలో ఎవరిదో మోటారు కాలిందని కబురొస్తే, నన్ను హాలు దగ్గర దింపి అటు వెళ్ళిపోయాడు. (ఆ మోటారు ఇంకో రోజు కాలినా నాకు ఈ కథ రాసే పని ఉండేది కాదు.)

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. నాకు ఐపీ అంటే ఒకటే అర్థం తెలుసు. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళకీ ఒకటే అర్థం తెలుసు. మా వైపు బజార్లలో 'ఐపీ పెట్టాడు' అంటే దివాలా తీశాడని, బాకీలు తీర్చలేను మొర్రో అని కోర్టులో కాగితం పడేసి నమ్మినవాళ్ళందరి నోట్లో మట్టి కొట్టాడని. సంబంధం చూసేవాళ్ళు సైతం ముందు ఆ వాకబే చేస్తారు. జీతాల ఇంట్లో పుట్టి హాస్టళ్ళలో పెరిగిన నా చెవిన ఆ మాట అప్పటిదాకా పడలేదు. మీరు నమ్మాలి మరి.

మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నాను. "భయపెట్టాలని కాదు గానీ, పాత రోజులు అయిపోయాయండి. ఇక ఈ బజార్లో ప్రతి ఒక్కరూ ఐపీ పెట్టాల్సిందే. ఇవాళ కాకపోతే రేపు. ఆఖరిదాకా ఆగితే ఇబ్బంది పడేది మీరే. ముందు పెట్టినవాళ్ళే హాయిగా ఉంటారు" అని మొదలుపెట్టాను. ముందు వరసలో వక్కపొడి నములుతున్న కిరాణా ఆయన నమలడం ఆపేసి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అందరి కళ్ళూ గుండ్రంగా అయిపోయాయి. ఆహా, ఎంత శ్రద్ధగా వింటున్నారో అనుకున్నాను. అప్పుడు సంఘం పెద్ద లేచి నిలబడ్డాడు. పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లు ఆయనది, ఊరంతా మిల్లాయన అనే పిలుస్తారు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మాటకి ఎదురులేని మనిషి.

"అమ్మాయ్, అందరం పెట్టాలంటావా?" అన్నాడు.

"అందరూనండి. చిన్నా పెద్దా తేడా లేదు."

"మరి మనకి సరుకిచ్చే కంపెనీల సంగతేంటి?"

"వాళ్ళు ఎప్పుడో పెట్టేసుకున్నారండి. మనమే వెనకబడ్డాం."

వెనక వరసల్లో ఎవరో "ఓరి నాయనో!" అన్నారు.

"కోర్టుకెళ్ళక్కర్లా?"

పెద్దాయన చాదస్తం అనుకున్నాను. "కోర్టెందుకండీ! ఇంట్లో కూర్చుని, ఎవరికీ తెలియకుండా, కాఫీ తాగేలోపు పెట్టేయొచ్చు. నేను దగ్గరుండి పెట్టిస్తా కదా!"

"ఈ ఊళ్ళో ఎవరన్నా పెట్టారా?"

ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని నేను వచ్చినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాను. "మా మామయ్య పోయిన వారమే పెట్టేశారండి! నేనే పెట్టించా. ఇప్పుడు ఏ దిగుల్లేకుండా ఇంట్లో పడుకుంటున్నారు" అన్నాను, మొహమంతా వెలిగిపోతుండగా. ఒక్కసారిగా కుర్చీలు కిర్రుమన్నాయి. టీ గ్లాసులు వచ్చాయి గానీ ఎవరూ ముట్టుకోలేదు. అందరూ ఫోన్లు చెవులకి పెట్టుకుని మెట్లు దిగి పరుగుపరుగున పోతున్నారు. ఇంత ప్రభావం చూపిస్తానని నేనే అనుకోలేదు. ఆ టీలలో రెండు నేనే తాగి నందిగామ బస్సెక్కాను.

అంతకంటే సంతోషం సాయంత్రం. హాల్లో పంచిన కార్డులు చూసి కొందరు ఫోన్లు చేశారు! ఒక్కరూ పేరు చెప్పలేదు, అందరివీ గుసగుసలే. వాటిలో ఆఖరి ఫోన్ బాగా గుర్తు. "ఇందాక చెప్పావే... ఎవరికీ తెలీదన్నావు, ఖాయమేనా?" అని ఒక బొంగురు గుసగుస. "ఖాయమండి. ఇంట్లో ఆడవాళ్ళక్కూడా తెలియదు" అన్నాను. "ఊరొదిలి పోనక్కర్లా?" అనడిగాడు. "అబ్బే, ఎందుకండీ! దర్జాగా ఇక్కడే ఉండొచ్చు" అన్నాను. అవతల పెద్ద ఊపిరొకటి వినపడి ఫోన్ ఆగిపోయింది. పాపం ఈ వయసులో కంప్యూటర్ అంటే మొహమాటపడుతున్నారని, ఆ నంబర్లు కస్టమరు ఒకటి, కస్టమరు రెండు అని సేవ్ చేసుకుని ఆనందంగా పడుకున్నాను.

మర్నాడు ఆదివారం మామయ్య వాళ్ళ చర్చిలో కోత పండగ. పండిన పంటలో కొంత తెచ్చి చర్చికిస్తారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. మేమూ వెళ్ళాం. పాస్టరు గారు ప్రార్థన చేస్తూ చేస్తూ గొంతు తగ్గించి, "ప్రభువా, మా మధ్య వ్యాపారంలో కూలిపోయిన ఒక సహోదరుడున్నాడు, లోకం ముందు తలెత్తుకోలేని ఆ బిడ్డను జ్ఞాపకం చేసుకో" అన్నాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా మామయ్యే. ఒక కన్ను తెరిచి, "ఎవరో గానీ పాపం" అని అత్తయ్య చెవిలో గొణిగాడు కూడా. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా అత్తయ్య చుట్టూ మూగి వీపు నిమరడం మొదలుపెట్టారు. వేలానికి పెట్టిన గుమ్మడికాయని పాస్టరమ్మ గారు ఎత్తుకొచ్చి అత్తయ్య ఒళ్ళో పెట్టి, "ఉంచుకోమ్మా, ముందు ముందు అవసరం" అంది. అత్తయ్య బిత్తరపోయి నా వంక చూసింది. నేను నవ్వాను. వాళ్ళకి అత్తయ్యంటే ఎంత ప్రేమో అనుకున్నాను. తెలివితక్కువతనానికి కూడా ఒక హద్దుండాలి గదా!

సోమవారం పొద్దున నేను ఇడ్లీ తింటుండగా మామయ్య దగ్గర్నుంచి ఫోన్. వెనకాల సంత గోల.

"అమ్మలూ, నువ్వు నా చేత ఏం పెట్టించావే?"

"ఐపీ, మామయ్యా!"

గోల మొత్తం ఆగిపోయింది. (ఫోన్ స్పీకర్‌లో ఉందని నాకేం తెలుసు?)

"నేను... నేనెప్పుడు పెట్టానే?"

"అదేంటి మామయ్యా, నువ్వే గదా ఓటీపీ చెప్పావు!"

"ఓటీపీ కూడా చెప్పాడంటయ్యా!" అని అవతల ఎవరో అరిచారు. ఫోన్ తెగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. విషయం అమ్మకి చెప్తే, ఆవిడ చేతిలో గరిట కింద పడేసి, ఐపీ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పింది. ఆవిడకి పుట్టింటి వైపు నుంచి తెలుసట. మరి నాకెందుకు చెప్పలేదంటే, "ఆడపిల్లకి ఎందుకు చెప్తారే అట్టాంటి మాట!" అంది. శనివారం నేను మాట్లాడిన ఒక్కో మాటా, ఇంట్లో కూర్చుని, ఎవరికీ తెలియకుండా, అందరూ పెట్టాలి, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. చెయ్యి కూడా కడుక్కోకుండా బస్టాండుకి పరుగెత్తాను.

కొట్టు ముందు రోడ్డు నిండా జనం. అడ్వాన్సులిచ్చిన రైతులు మోటార్లన్నా ఇవ్వమంటున్నారు. పైపుల కంపెనీ ఏజెంటు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. పైపుల లోడుతో వస్తున్న లారీని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారట, డ్రైవరు ఫోన్‌లో "లోడు దించొద్దన్నరు సార్, నన్నేం జెయ్యమంటరు?" అంటున్నాడు. మామయ్య ఎప్పుడూ కూర్చునే కుర్చీ వదిలేసి, కొనేవాళ్ళ కోసం వేసిన స్టూలు మీద కూర్చున్నాడు. "నేనెక్కడికీ పోలా. కొట్టు తీసే ఉంది చూడండి" అని అదే మాట అంటున్నాడు. ఎవరూ వినడం లేదు. బరువులు మోసి గట్టిపడ్డ ఆ చేతులు జోడించి ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టడం నేను మొదటిసారి చూశాను. నా వల్లే. ఏడుపు ఆపుకోలేకపోయాను.

మధ్యలో మిల్లాయన చేతులు కట్టుకుని నిలబడి అందరికీ వినపడేట్టు దులిపేస్తున్నాడు. "మాట పోయాక మనిషెందుకయ్యా? మా నాన్న ఉన్నప్పుడు ఐపీ పెట్టినోడి గడప తొక్కేవాళ్ళం కాదు. సిగ్గుండాలి!"

నేను అందరినీ తోసుకుంటూ వెళ్ళి, "ఇది ఆ ఐపీ కాదండీ! కంప్యూటర్ ఐపీ. ఐపీ సిక్స్!" అని అరిచాను.

"సిక్సా? ఆరా?" అన్నాడు ఏజెంటు గుండె మీద చెయ్యేసుకుని. "అంటే ఇంతకుముందు ఐదు పెట్టాడా!"

ఎన్ని విధాల చెప్పినా నా నోటి నుంచి ఐపీ అన్న మాట రాకుండా చెప్పే దారి లేదు. అన్నప్పుడల్లా జనం ఇంకాస్త ముందుకి వస్తున్నారు. అప్పుడొక ఆలోచన వచ్చింది. శనివారం నాకు ఫోన్ చేసినవాళ్ళూ ఈ ఊరి వ్యాపారులే గదా, వాళ్ళలో ఒక్కరిని పిలిచినా నా తరఫున సాక్ష్యం చెప్తారు. ఎవరికీ చెప్పకుండా ఫోన్ తీసి, ఆఖరున చేసిన కస్టమరు నంబరు నొక్కాను.

మిల్లాయన జేబులో ఫోన్ మోగింది.

ఆయన ఫోన్ తీసి చూశాడు. తర్వాత నా చేతిలో ఫోన్ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ తెల్లచొక్కా మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఊరొదిలి పోనక్కర్లా అని అడిగిన ఆ బొంగురు గుసగుస నా చెవిలో మళ్ళీ వినపడింది. ఆయన అడిగింది కంప్యూటర్ సంగతి కాదు! ఎవరి కంట్లో పడకూడదని ఆయన అంత తపన పడ్డాడో ఆ బజారంతా అక్కడే ఉంది. నేను ఒక్క మాటంటే చాలు, వీళ్ళంతా మామయ్యని వదిలేసి అటు తిరుగుతారు. నా వేలు దానంతటదే ఫోన్ ఆపేసింది.

"ఎవరండీ?" అని పక్కనున్నాయన అడిగాడు.

"రాంగ్ నంబరు" అన్నాడు మిల్లాయన. ఫోన్ జేబులో పెట్టుకుని, "అసలీ పిల్ల చెప్పేది ఏంటో ఎవరన్నా విన్నారా?" అన్నాడు. "కంప్యూటర్‌కి ఐపీ అని వేరే ఉంటదయ్యా. మన కరెంటు మీటరుకి నంబరున్నట్టు. నాకు తెలుసు. ఇతను ఏ కోర్టుకీ పోలా. మంచి మనిషిని పట్టుకుని ఏంటీ అల్లరి?" అని ఏజెంటు వైపు తిరిగి, "ఆ లారీని రానివ్వండి. నేను పూచీ" అన్నాడు. ఆయన మాటకి ఎదురులేదని చెప్పాను గదా. ఇందాక మీదికొచ్చినవాళ్ళే, "మేం ముందే అనుకున్నాం" అంటూ చెదిరిపోయారు. మామయ్య లేచి ఆయన రెండు చేతులూ పట్టుకుని, "మీరు లేకపోతే ఇవాళ నేను లేనండీ" అన్నాడు. మిల్లాయన ఆ చేతులు విడిపించుకోవడానికి పడిన అవస్థ నేనొక్కదాన్నే చూశాను.

లారీ వచ్చి పైపులు దిగుతుండగా ఆయన స్కూటరు దగ్గర నిలబడి నన్ను సైగ చేసి పిలిచాడు. తిడతాడనుకున్నాను. "ఆ కంప్యూటర్ ఐపీయేదో మా మిల్లుకి కూడా పెట్టు తల్లీ" అన్నాడు, అందరికీ వినపడేట్టు. మర్నాడే వెళ్ళి పెట్టాను. ఆయన ఆఫీసు గదిలో కూర్చుని, కెమెరాలు ఫోన్‌కి కలిపి చేతికిచ్చాను. పత్తి ట్రాక్టర్లు గేటు బయటిదాకా బారులు తీరాల్సిన రోజులవి. ఫోన్‌లో ఆవరణంతా ఖాళీ. మిషన్ల మీద టార్పాలిన్ కప్పి ఉంది, దాని నీడన ఒక కుక్క నిద్రపోతోంది. "కోయంబత్తూరు నుంచి పార్టు రావాలమ్మా" అన్నాడు, నేనేమీ అడక్కుండానే. "అవునండి" అన్నాను. ఆయన ఆ ఖాళీ ఆవరణని చాలాసేపు చూసి, "బానే ఉంది. ఇంక పొద్దున్నే ఇక్కడిదాకా వచ్చి చూసుకోనక్కర్లా" అన్నాడు. రేపటికి సిద్ధం కండి అని మైకులో అరిచినదాన్ని, ఆ మనిషి రేపటి గురించి చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు.

తర్వాతి ఏడాది ఆయన మిల్లు అమ్మేసి బాకీలన్నీ తీర్చేశాడు. కోర్టుకి వెళ్ళలేదు, ఎవరి చేతా మాట పడలేదు, ఊరూ వదల్లేదు. నా వ్యాపారం నెమ్మదిగా నిలబడింది. మామయ్య కొట్టుకి పక్కనే ఇంకో షట్టరు వచ్చింది. పేట బజార్లో నాకు మాత్రం 'ఐపీ అమ్మాయి' అనే పేరు ఖాయమైపోయింది, ఇద్దరు పిల్లలు పుట్టినా అమ్మాయినే. మొన్నామధ్య ఒక పెళ్ళి భోజనాల్లో మిల్లాయన ఎదురు బంతిలో కూర్చున్నాడు. బాగా నెరిసిపోయాడు, చొక్కా ఇస్త్రీ మాత్రం నలగలేదు. నన్ను చూసి వరసంతా వినేట్టు, "ఏమ్మా ఐపీ అమ్మాయ్, ఈ మధ్య ఇంకెవరి చేతన్నా పెట్టించావా?" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. "లేదండి, మా మామయ్యతో సరిపెట్టా. అదీ మీరే చెడగొట్టారు గదా" అన్నాను. మళ్ళీ అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. విస్తట్లో పెరుగన్నం కలుపుకుంటూ తలొంచి, "మంచి పని చేశావమ్మా, ఆ రోజు ఫోన్ ఆపేసి" అన్నాడు, ఆనాటి శనివారం సాయంత్రం ఫోన్‌లో విన్న ఆ బొంగురు గుసగుసతోనే. ఏమీ తెలియకుండా ఊరంతటినీ ఉద్ధరించబోయిన ఇరవై మూడేళ్ళ పిల్ల, ఆ ఒక్క క్షణం మాత్రం ఎట్లాగో తెలివిగా ఉంది. పెరుగు వడ్డించే అబ్బాయి వచ్చి "చాలా?" అంటే చాలని చెయ్యి అడ్డం పెట్టి, నాలో నేను నవ్వుకున్నాను.